మూడో తరగతికి వచ్చినా కూడబలుక్కోలేని పిల్లలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మేడమ్ అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు శివార్లలో ఒక ప్రాథమిక పాఠశాలకు ఈ జూన్‌లో హెచ్‌ఎంగా వచ్చారు. ఒకటి నుంచి ఐదు దాకా 84 మంది పిల్లలు, తనతో కలిపి నలుగురు టీచర్లు. మూడు, నాలుగు తరగతుల్లో సగం మందికి పాఠం చదవడం రాదు. ఏ కిట్లు కొనాలి, ఏ పద్ధతి పెట్టాలి, తల్లిదండ్రులేమో ఇంగ్లిష్ ఇంగ్లిష్ అంటుంటే రోజుకో గంట తెలుగు చదవడం మీద పెట్టడం సబబేనా అన్నది ప్రశ్న. నాలుగో తరగతిలో పుస్తకం ముక్కుకు ఆనించుకుని గొణిగినట్టు చదివే ఒక పిల్ల గురించి కూడా రాశారు.

నేను 32 ఏళ్లు ప్రాథమిక బడుల్లోనే చేసి రిటైరయ్యాను. అందులో ఐదేళ్లు విజయవాడ, మిగతాదంతా గుంటూరు చుట్టుపక్కలే. నాకు తెలిసింది చెబుతాను.

మేడమ్, ముందు కిట్ల సంగతి పక్కన పెట్టండి. ఇప్పుడే ఏమీ కొనకండి. ఒక వారం రోజులు మీరే ఒక్కో పిల్లనీ పిల్లాణ్నీ విడిగా పక్కన కూర్చోబెట్టుకుని మూడేసి నిమిషాలు చదివించండి. ఒకటో తరగతిని వదిలేస్తే మీకు ఉండేది 65 మందో 70 మందో. అంతా కలిపి మూడున్నర గంటల పని. రోజుకు ముప్పావు గంట చొప్పున వారంలో అయిపోతుంది. క్లాసులో అందరిచేతా కలిపి చదివిస్తే ఎవరికి ఏం వచ్చో దేవుడికి కూడా తెలియదు. నలుగురు చదువుతారు, ముప్పై మంది ఆ నలుగురి గొంతు వెనకాల నోరు ఆడిస్తారు. బయటినుంచి వినేవాళ్లకు మాత్రం బడి మారుమోగిపోతున్నట్టుంటుంది.

నాకు ఈ బుద్ధి ఆలస్యంగానే వచ్చింది. రెండో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. ఏ పాఠం అడిగినా వేలు పెట్టుకుంటూ గడగడా చదివేవాడు. ఎవరైనా తనిఖీకి వస్తే నేను వాడినే లేపేవాణ్ని. ఒకరోజు వాడు చదువుతూ చదువుతూ పేజీ తిప్పబోయి రెండు కాగితాలు కలిపి తిప్పేశాడు. గొంతు ఆగలేదు. వేలు వేరే పాఠం మీద కదులుతోంది, నోటి నుంచి మాత్రం పాత పాఠమే, ఒక్క ముక్క పొల్లు పోకుండా వస్తోంది. నేను పుస్తకం తీసుకుని అదే పాఠంలో మధ్యలో ఉన్న ‘బావి’ అన్న మాట మీద వేలు పెట్టి ఇదేంట్రా అంటే తెల్లమొహం వేశాడు. ఏడాదిన్నరగా వాణ్ని క్లాసు ఫస్ట్ అనుకుంటున్నాను నేను.

విడిగా చదివించేటప్పుడు ఏమివ్వాలంటే, పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, ఊళ్లలో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో 2005 నుంచి వాడుతున్న కాగితం ఒకటుంది. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. అంతే. తెలుగులోనూ దొరుకుతుంది. పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో అది రాసుకోవాలి. నేను దానికి సొంతంగా రెండు మెట్లు కలుపుకునేవాణ్ని: వరస లేకుండా కలగాపులగంగా రాసిన గుణింతాలు పది, వత్తులున్న మాటలు పది. ఎందుకంటే మన పిల్లలు జారిపడేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. ‘అక్షరాలు వచ్చు, మాటలు రావు’ అని రాసుకుంటే రేపు ఏం చెప్పాలో మీకు తెలియదు. ‘దీర్ఘం, గుడి వచ్చు, కొమ్ము దగ్గర ఆగింది’ అని రాసుకుంటే తెలుస్తుంది.

గుణింతం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు రోగం అక్కడే ఉంది. మనం గుణింతాన్ని ఎలా నేర్పుతాం? క కా కి కీ అని రాగం తీసి, ఒక అక్షరం అయ్యాక ఇంకోటి. పిల్లలకు అది పాటలా వచ్చేస్తుంది. ఒకసారి మూడో తరగతి పిల్ల ముందు ‘కోతి’ అని కార్డు పెట్టాను. చూసింది. వేళ్లు మడుస్తూ పెదాలు కదపడం మొదలుపెట్టింది. క, కా, కి, కీ, కు, కూ, కృ, కౄ, కె, కే, కై, కొ... పదమూడోది ‘కో’. పట్టుకుంది. మళ్లీ త, తా, తి. పదహారు అక్షరాలు చదివి రెండక్షరాల దగ్గరికి వచ్చింది. అప్పటికి ‘కో’ మర్చిపోయింది. ‘తి’ అంది. నిజానికి ఆ పిల్ల మొద్దు కాదు, చాలా కష్టపడే పిల్ల. మనం నేర్పిన దారి అంత చుట్టూ తిరిగి వస్తుంది, అంతే.

అందుకని గుణింతాన్ని అడ్డంగా కాకుండా నిలువుగా చెప్పండి. ఒక వారం దీర్ఘం ఒక్కటే. కా, గా, తా, పా, బా, మా. పిల్ల బుర్రలో పడాల్సింది ‘కా’ కాదు, ‘ఈ గుర్తు పక్కనుంటే నోరు తెరిచి సాగదీయాలి’ అన్న సంగతి. అదే రోజు మాటలు చదివించాలి: పాప, తాత, మామ, బావ, పాట, బాట, కాలవ. తరవాతి వారం గుడి: బడి, నది, మడి, తాడి, పిలక. ఆ తరవాత గుడిదీర్ఘం, కొమ్ము. ఇలా వెళితే ప్రతి వారం చివర పిల్ల చదవగలిగే కొత్త మాటలు గుట్టగా పెరుగుతాయి. కొన్ని పేచీ పెట్టే అక్షరాలుంటాయి, వాటిని చివరికి ఉంచండి. ప, ఫ, వ లకు కొమ్ము మిగతావాటిలా పక్కన కాకుండా కిందికి వస్తుంది. మొ, యొ రాత వేరేగా ఉంటుంది. ‘మి’లో గుడి అసలు గుడిలాగే కనపడదు. ఇవి పిల్లల తప్పులు కావు, లిపి తీరే అంత.

ఇంకో మాట. ఇంగ్లిష్‌కు 26 అక్షరాలు. మనకు హల్లులూ వాటి గుణింతాలూ కలిపితేనే నాలుగు వందలు దాటుతాయి, వత్తులు వేరే. కాకపోతే మనది ఎలా రాస్తే అలా పలికే లిపి. ఎక్కడానికి మెట్లు ఎక్కువ, ఎక్కాక దిగబడేది లేదు. కాబట్టి ఒకటో తరగతి అయ్యేసరికి అన్నీ వచ్చేయాలని పట్టుపట్టొద్దు. వత్తులు మూడో తరగతి దాకా నలుగుతూనే ఉంటాయి, అది మామూలే.

ఒకటో తరగతి వాళ్లకు అ ఆ ఇ ఈ నుంచి ఱ దాకా వరసన దిద్దించే పద్ధతి మానుకోమని నా సలహా. వర్ణమాల గోడ మీద ఉండనివ్వండి, నష్టమేం లేదు. చెప్పేది మాత్రం మాటలు వచ్చే వరసలో చెప్పండి. ర, ల, క, ప, త, డ, గ, వ, న, మ. ఈ పదితోనే తల, వల, కల, వడ, పలక, కలప, పడవ, పడక, నడక, గడప, కడవ, తడక, మడమ, మరక, మడత, గరక... పాతిక మాటలకు తక్కువ రావు. మూడో వారానికే పిల్ల ‘పలక’ అని చదివి తన చేతిలో ఉన్న పలక వంక చూసుకుంటుంది. ఆ చూపు కోసమే ఈ ఉద్యోగం చేశానేమో అనిపిస్తుంది నాకు. మ, య పక్కపక్కన చెప్పొద్దు. ప, ష కూడా. డ, ద కూడా. ఒకటి బాగా కుదిరాక, రెండు మూడు వారాల ఎడం ఇచ్చి రెండోది.

వత్తుల దగ్గర ముందు ద్విత్వాలు పెట్టండి. అమ్మ, అక్క, అన్న, అవ్వ, తాతయ్య, పిల్లి, కుక్క. ఇవన్నీ ఇంట్లో రోజూ అనే మాటలే కాబట్టి కన్ను తడబడినా నోరు సాయం చేస్తుంది. చాలా వత్తులు అక్షరానికి తలకట్టు తీసేస్తే వచ్చేస్తాయి. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం రూపం మారతాయి. వీటిని విడిగా ఒక కార్డు మీద రాసి రోజూ చూపించాలి. సంయుక్తాలు ఆ తరవాతే. ‘సూర్యుడు’ను ‘సూయురుడు’ అని చదివితే కంగారు పడకండి. కింద ఏదో ఉందని గమనించింది, ముందు ఏది పలకాలో తేలలేదు, అంతే.

చూచిరాత గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మన బడుల్లో టీచరుకు ఊపిరి సలపనప్పుడు మొదట చేసే పని ‘పాఠం చూసి రాయండి’ అనడం. నేనూ చేశాను. ఒక పిల్లాడి నోట్సు చూడముచ్చటగా ఉండేది, ముత్యాల్లాంటి అక్షరాలు. ఒకసారి నిదానంగా చూస్తే పేజీ మధ్యలో, వాక్యానికీ వాక్యానికీ నడుమ, ‘37’ అని ఉంది. పుస్తకంలో పేజీ అడుగున ఉన్న నంబరు అది. వాడు ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు గీసుకుంటూ పోయాడు. నేను దానికి ఎర్ర ఇంకుతో రైటు కొట్టి ‘గుడ్’ అని రాశాను! ఆ నోట్సు చూపించి చాలా మీటింగుల్లో మాట్లాడాను తరవాత. చూచిరాతకు ఇచ్చే టైములో సగం ఉక్తలేఖనానికి ఇవ్వండి. ఎక్కువొద్దు, ఆ రోజు చదివిన మాటల్లో ఐదు. విని రాసిన పిల్లకు చదవడం దానంతటదే బలపడుతుంది.

ఇక టైముటేబులు. ఒకటి, రెండు తరగతులను కదపొద్దు, వాళ్లకు పైన చెప్పిన వరసే. మూడు, నాలుగు, ఐదు తరగతుల వాళ్లను మాత్రం రోజుకు ఒక గంట తరగతి చూడకుండా, ఆగిన మెట్టును బట్టి కూర్చోబెట్టండి. ఐదో తరగతి పిల్లాడు గుణింతాల దగ్గర ఉంటే గుణింతాల గుంపులోకే. ఇది నా సొంత తెలివి కాదు. ప్రథమ్ వాళ్లు దేశమంతా చేసిందే ఇది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఇలాంటి కార్యక్రమాలనే ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. గంట ఎప్పుడంటే ప్రార్థన అయిన వెంటనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక పెడితే పిల్లలకే కాదు, మనకూ కళ్లు మూతలు పడతాయి.

ఏ గుంపు ఎవరికి అన్న దగ్గర మీరు కాస్త గట్టిగా ఉండాలి. మామూలుగా చదువు బాగా వచ్చే గుంపు సీనియర్ టీచరుకు, ఏమీ రాని గుంపు కొత్తగా డీఎస్సీలో వచ్చిన అమ్మాయికీ పడుతుంది. తిరగేయండి. అన్నిటికంటే కింద ఉన్న గుంపును మీరే తీసుకోండి. హెచ్‌ఎం తీసుకుంటే ఇంకెవరూ నోరెత్తరు. ఐదారు వారాలకోసారి మళ్లీ మూడు నిమిషాల పరీక్ష పెట్టి గుంపులు మార్చాలి. మార్చకపోతే అది ‘మొద్దుల గుంపు’ అన్న పేరుతో స్థిరపడిపోతుంది. పిల్లలు ఆ పేరు మనకంటే ముందే పెట్టేసుకుంటారు.

పైవాళ్ల నుంచి ఇబ్బంది రావచ్చు. ఒకసారి ఒక అధికారి వచ్చి, ఐదో తరగతి వాళ్లు మూడో తరగతి వాళ్లతో కూర్చోవడం చూసి అందరి ముందూ నన్ను దులిపేశారు. నేను ఏమీ వాదించలేదు. ఒక్కో పిల్ల పేరు ఎదురుగా జులైలో ఏ మెట్టు, సెప్టెంబరులో ఏ మెట్టు అని రాసిన లాంగ్ నోట్‌బుక్ చేతికిచ్చాను. చాలాసేపు తిరగేశారు. టీ తాగి వెళ్లిపోయారు. తప్పూ అనలేదు, ఒప్పూ అనలేదు. ఆ నోట్‌బుక్ మాత్రం తప్పకుండా పెట్టండి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కూడా 2026-27 కల్లా మూడో తరగతి పూర్తయ్యే ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు రావాలన్నదే కాబట్టి, మీరు చేసే పని రూల్సుకు బయటిదేమీ కాదు. యాప్‌లో ఫొటోలు పెట్టే పనులన్నీ ఆ గంటలో మాత్రం ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి. గంట అయ్యాక పెట్టుకోవచ్చు, కొంప మునగదు.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు. ఒక పిల్ల ‘కవ్వం’ అని స్పష్టంగా, వత్తుతో సహా చదివి, ‘అంటే ఏంటి సార్?’ అంది. వాళ్లింట్లో మజ్జిగ ప్యాకెట్లో వస్తుంది, కవ్వం ఎక్కడ చూస్తుంది పాపం! 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న సూత్రం చెప్పారు. అక్షరాన్ని మాటగా మార్చుకోగలగడం, విన్న మాట అర్థం కావడం, ఈ రెండింటి గుణకారమే చదవడం అని. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాల నుంచి వచ్చిన పిల్లలు మీ బడిలో ఉంటే ఇది మరీ బాగా కనపడుతుంది. వాళ్లకు అక్షరం కంటే ముందు మాట కావాలి. అందుకే రోజుకో పది నిమిషాలు మీరు కథ చదివి వినిపించండి. నోటితో చెప్పడం కాదు, పుస్తకం చేత్తో పట్టుకుని, బొమ్మలు చూపిస్తూ చదవాలి. మధ్యలో ఆపి, ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగాలి. ప్రశ్నలు జవాబులు రాయించే పని దానికి తగిలించకండి, కథంటేనే పారిపోతారు.

పుస్తకాలకు డబ్బుల్లేవని బెంగ పెట్టుకోకండి. చాలా బడుల్లో పుస్తకాలు ఉన్నాయి, ఇనుప బీరువాలో ఉన్నాయి, తాళం హెచ్‌ఎం దగ్గర ఉంది. ఒకటి పోతే ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్పాలన్న టెన్షన్ అది. ఆ టెన్షన్ నాకూ తెలుసు. అయినా తాళం తీసి, గోడకు తాడు కట్టి పుస్తకాలు వేలాడదీయండి. చిరిగిన పుస్తకం అంటే ఎవరో చదివిన పుస్తకమే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. ఏటా జరిగే విజయవాడ పుస్తక ప్రదర్శనకు ఒక ఆదివారం వెళ్లిరండి. పేజీకి ఒకటి రెండు వాక్యాలుండే బొమ్మల పుస్తకాలే ఏరుకోండి. లావు నీతికథల పుస్తకాలు వద్దు.

ఇంగ్లిష్ సంగతి. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కూలికి వెళ్లే తల్లి తన పిల్ల ఇంగ్లిష్ మాట్లాడాలని కోరుకోవడంలో తప్పేముంది? మన పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. నా అనుభవం ఏమిటంటే, గీతలు శబ్దాలవుతాయన్న కిటుకు ఒక భాషలో పట్టుబడిన పిల్లకు రెండో భాషలో దాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు. తెలుగే చదవలేని పిల్లకు ఎదురు పేజీ కూడా బొమ్మే. ఒకటి, రెండు తరగతుల్లో ఇంగ్లిష్ నోటితో బాగా ఆడించండి, మాట్లాడించండి. అక్షరాల బరువు మాత్రం ముందు తెలుగు మీద. తల్లులను పిలిచినప్పుడు ఇదంతా ఉపన్యాసంగా చెప్పొద్దు. వాళ్ల పిల్లచేత వాళ్ల ముందు, ఎప్పుడూ చూడని పేజీ ఒకటి చదివించండి. వచ్చినా రాకపోయినా ఆ నిమిషంలోనే వాళ్లకు అర్థమవుతుంది. చదువురాని తల్లులకు కూడా ఒక పని చెప్పొచ్చు. రాత్రి పిల్ల పెరుగు ప్యాకెట్ మీదో, గోడ మీది క్యాలెండర్ మీదో ఉన్న తెలుగు చదువుతుంటే పక్కన కూర్చుని వినడం. అంతే. తప్పులు దిద్దక్కర్లేదు.

మీకు మిరప కోతల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి వచ్చిందంటే మీ శివారు బడుల్లో హాజరు పలచబడుతుంది. పెద్దపిల్లలు చంటివాళ్లను చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోతారు. పనికోసం వలస వచ్చిన వాళ్ల పిల్లలు మధ్యలో చేరతారు, మధ్యలో వెళ్లిపోతారు. కాబట్టి గట్టి పనంతా సంక్రాంతి సెలవుల లోపే అయ్యేటట్టు చూసుకోండి. రోజూ బడికొచ్చే పిల్ల అక్షరాల మెట్టు నుంచి గుణింతం మాటల దాకా రావడానికి నా లెక్కలో రెండు రెండున్నర నెలలు పట్టేది. ప్రతి గుంపులోనూ ఒకరిద్దరు ఎంత చేసినా కదలరు. వాళ్లను తిట్టకుండా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసే టీచరుకు చూపించండి.

చివరగా, పుస్తకం ముక్కుకు ఆనించుకునే ఆ నాలుగో తరగతి పిల్ల. మేడమ్, ఆ పిల్లకు గుణింతం, వత్తులు ఏవీ మొదలుపెట్టకండి. రేపే ముందు వరసలో కూర్చోబెట్టి, ఈ వారంలోనే పీహెచ్‌సీలోనో గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనో కళ్లు చూపించండి. తల్లి పని మానుకుని రాలేనంటే మీ టీచర్లలో ఒకరిని తోడిచ్చి పంపండి. అద్దాలు వచ్చాక ఒక వారం ఆగి, అప్పుడు పెట్టండి ఆ మూడు నిమిషాల పరీక్ష.